కాన్సరు మందుకు లొంగనప్పుడు

తెలుగు పాఠాలు చెప్పుకొనే వారికి కాన్సరు మందుల ప్రసక్తి ఎందుకని ఈ పత్రికను ఏటేటా ఆదరించే పెద్దలు అడగవచ్చును. గణవిభజన, సంధికార్యం తప్ప మాకు అన్యవిద్య లేదన్నది నిజమే. కాని మా ఇంటిలో ఒక వ్యాధిని సంవత్సరాల తరబడి దగ్గరనుండి చూడవలసి వచ్చినది. ఆ సందర్భంలో వైద్యులను విసిగించి తెలిసికొన్న విషయాలు, ఆ పిమ్మట శాస్త్రగ్రంథాలు తిరగవేసి సరిచూచుకొన్న విషయాలు కొన్ని ఉన్నవి. మా విద్యార్థులలో ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు తరగతి ముగిసిన తరువాత బల్ల దగ్గర నిలబడి, "సార్, మా నాన్నకు మందు పనిచేయడం మానేసిందట" అని చెప్పి ఊరుకొంటారు. ఆ మాట వెనుక ఉన్న ప్రశ్నకు కొంతైనా సమాధానం చెప్పగలమేమో అన్న ఆశతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా సినిమా సంగతి చెప్పుకొనక తప్పదు. మేము చూచిన రోగి సినిమా పరిశ్రమను నమ్ముకొన్న మనిషి. పైగా మనలో చాలామందికి కాన్సరును పరిచయం చేసినది కూడా సినిమాయే. 1981లో అన్నపూర్ణా స్టూడియోస్ నిర్మాణంలో దాసరి నారాయణరావుగారి దర్శకత్వాన వచ్చిన 'ప్రేమాభిషేకం'లో అక్కినేని నాగేశ్వరరావుగారు కాన్సరు సోకిన ప్రేమికుడు. తాను బ్రతకనని తెలిసికొని, ఆ సంగతి దాచి, ప్రేయసి మనసు విరిగేటట్లు ప్రవర్తిస్తాడు. ఆంధ్రదేశమంతా కంటతడి పెట్టినది. ఆ రోజులనుండి మన చిత్రాలలో 'బ్లడ్ కాన్సర్' అన్న మాట విశ్రాంతి తరువాత వినిపించే మరణశాసనమైనది. డాక్టరు కళ్ళజోడు తీస్తాడు, మిగిలిన రోజులు లెక్కపెడతాడు, ఒక విషాదగీతం వస్తుంది. మందు అన్న ఊసే ఉండదు. ఆ నటుడే 2013 అక్టోబరులో పత్రికలవారిని సమావేశపరచి తనకు కాన్సరు వచ్చినదని స్వయంగా ప్రకటించినారు. 2014 జనవరి 22న కన్నుమూసినారు. వ్యాధిని తెరమీద దాచిన ఆయన తెర వెలుపల దాచలేదు. ఆ ధైర్యం మాకు ఆయన నటనకన్న గొప్పగా తోచినది.

ఇక మా రోగి విషయం. మా మేనమామ - మేము మామూ అని పిలుస్తాము - ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాలలో జరిగే చిత్రీకరణలకు దుస్తులు కుట్టే దర్జీ. కృష్ణానగర్‌లో ఒక గది, ఒక కుట్టుమిషను. రాజుగారి అంగరఖా అయినా, ఇరవైమంది నృత్యబృందానికి ఒకే రంగు చొక్కాలైనా తెల్లవారేలోగా సిద్ధం కావలసిందే. 2016లో ఎడమ డొక్క బరువుగా ఉన్నదనీ, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లవుతున్నదనీ అన్నారు. పరీక్షించిన వైద్యుడు ప్లీహం పెరిగినదన్నారు. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో నాలుగువేలనుండి పదకొండువేలవరకు ఉండవలసిన తెల్లకణాలు లక్షన్నర దాటినవి. వ్యాధి పేరు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. మామూకు అందులో 'ల్యుకేమియా' ఒక్కటే అర్థమైనది. "అంటే బ్లడ్ కాన్సరే కదా, డాక్టర్ సాబ్" అన్నారు. ఎన్నో చిత్రాలకు దుస్తులు కుట్టిన మనిషికి ఆ కథ ముగింపు తెలుసు.

వైద్యుడు నవ్వి, రోజుకొక మాత్ర వేసికొనమని వ్రాసి ఇచ్చినారు. మాకు నమ్మకం కలుగలేదు.

ఆ మాత్ర కథ తెలిసికొంటేగాని అది లొంగని కథ అర్థం కాదు. మన ప్రతి కణంలోను వంశలక్షణాలను మోసే క్రోమోజోములు 23 జతలు ఉంటవి. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ వ్యాధిగ్రస్తుల రక్తకణాలలో ఒక క్రోమోజోము పొట్టిగా ఉండడం గమనించినారు. 1973లో జానెట్ రౌలీ అనే విదుషి దాని కారణం చెప్పినది: 9వ క్రోమోజోము తునక 22వ దానికి, 22వ దాని తునక 9వ దానికి అతుక్కొన్నవి. తప్పుగా జరిగిన సంధి అనుకొనవచ్చును. ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసి బిసిఆర్-ఏబిఎల్ అనే కొత్త జన్యువు పుట్టినది. అది ఒక ఎంజైమును తయారుచేస్తుంది. ఆ ఎంజైము కణానికి 'విభజించు, విభజించు' అని నిరంతరాయంగా ఆజ్ఞ ఇస్తుంది. ఆపే మీట లేని మిషను వంటిది.

ఈ ఎంజైముకు పనిచేసే శక్తి ఏటీపీ అనే చిన్న అణువునుండి లభిస్తుంది. ఎంజైములో ఒక గుంట ఉన్నది. ఏటీపీ వచ్చి అందులో కూర్చోవాలి. సినిమావారి భాషలో చెప్పాలంటే అది కథానాయకుని కుర్చీ. పరిశోధకులు చేసిన పని, ఆ కుర్చీకి ఒక డూపును తయారుచేయడం. ఫైటింగు దృశ్యంలో కథానాయకుని దుస్తులు తొడుక్కొని దూకే మనిషిని మన ఫిల్మ్‌నగర్‌లో డూపు అంటారు కదా. ఇమాటినిబ్ అనే మందు అటువంటిది. ఏటీపీ స్థానంలో తాను కూర్చుంటుంది, కాని ఏటీపీ చేసే పని చేయదు. ఎంజైము మూగబోతుంది. ఆజ్ఞ అందక రోగకణాలు నశిస్తవి. ఆ ఎంజైము మీద ఆధారపడని మంచి కణాలు చాలవరకు క్షేమంగా ఉంటవి. జుట్టు రాలదు. లక్ష్యాన్ని ఎంచుకొని కొట్టే చికిత్స అని దీనిని అనడం అందువలననే. బ్రయన్ డ్రూకర్ అనే వైద్యుడు ముందుండి నడిపిన ప్రయోగాల తరువాత 2001 మే నెలలో అమెరికాలో ఈ మందుకు అనుమతి లభించినది.

2001లో అది అమెరికా సంగతి. కృష్ణానగర్ దర్జీ చేతికి అది రావడానికి వేరొక చరిత్ర కావలసివచ్చినది. జూబ్లీహిల్స్‌కు ఆనుకొనియున్న బంజారాహిల్స్‌లో ప్రధాన కార్యాలయం గల నాట్కో సంస్థ 2003లో 'వీనాట్' పేరుతో ఇదే మందును తక్కువ ధరకు తెచ్చినది. అసలు సంస్థ అయిన నోవార్టిస్ వారి 'గ్లివెక్'కు నెలకు సుమారు లక్షా ఇరవైవేల రూపాయలైతే, దేశీయ మందుకు ఎనిమిది పదివేలని ఆనాటి వార్తలలో చదివినాము. పేటెంటు వివాదం సుప్రీం కోర్టు వరకు వెళ్ళి, 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ వాదం వీగిపోయినది. బంజారాహిల్స్ గుట్టలమీద ఇల్లు కట్టుకొన్న తొలితరం వారిలో మెహదీ నవాజ్ జంగ్ ఒకరు. రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి ఆయన పేరుమీదనే ఉన్నది. ఎన్.టి. రామారావుగారి సతీమణి బసవతారకం కాన్సరుతో మరణించగా ఆమె పేర వెలసిన ఆసుపత్రి 2000లో ఇక్కడనే ప్రారంభమైనది. సినిమా పోస్టర్ల వెనుక ఈ పరిసరాలకు ఇటువంటి చరిత్ర కూడా ఉన్నదని మా విద్యార్థులకు తెలియదు.

మామూ కోలుకొన్నారు. మూడునెలలకు ప్లీహం తగ్గినది, తెల్లకణాలు మామూలు లెక్కకు వచ్చినవి. రెండవ సంవత్సరానికి బిసిఆర్-ఏబిఎల్ పరిమాణం నూటికి 0.1 కంటె తక్కువకు దిగినది. కనురెప్పలు ఉబ్బేవి, సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యేది. వేళ్ళు కొంకర్లు పోయేవి. ఇవి ఆ మందు దుష్ఫలితాలని వైద్యులు ముందే చెప్పినారు. దర్జీకి వేళ్ళు కొంకర్లు పోవడమంటే ఏమిటో మందు వ్రాసేవారు ఊహించడం కష్టం. ఆయన మాత్రం ఫిర్యాదు చేయలేదు.

తరువాత 2020 మార్చి వచ్చినది. చిత్రీకరణలు ఆగిపోయినవి. కాల్షీటు లేదు, కూలి లేదు, రోజువారీ బేటా లేదు. పరిశ్రమ పెద్దలు పంచిన బియ్యం, పప్పుతో కృష్ణానగర్‌లో ఎన్నో కుటుంబాలు గడిపినవి. మామూ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మాత్రను రోజు విడిచి రోజు వేసికొన్నారు. ఒంట్లో బాగానే ఉన్నది కదా, సగం మందుతో సగం వ్యాధినైనా ఆపవచ్చును కదా అని ఆయన లెక్క. ఒక నెల కాదు, పది నెలలు. 2021 ఆరంభంలో పరీక్ష చేయిస్తే 0.1 లోపు ఉండవలసిన అంకె 12 అయినది. తిరిగి ప్రతిరోజూ మాత్ర వేసికొన్నా అది దిగలేదు.

'మందు పనిచేయడం మానేసినది' అంటే ఇదే. కాని ఈ వాక్యంలో వ్యాకరణదోషం లేకున్నా అర్థదోషం ఉన్నదని మా అభిప్రాయం. మందు మారలేదు, అదే మాత్ర. మారినది కణసమూహం. దీనిని గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు మనకంటె బాగా చెప్పగలరు. 1987-88లో శనగపచ్చ పురుగుమీద పైరిథ్రాయిడ్ మందులు ఎన్నిసార్లు చల్లినా పురుగు చావలేదు. రైతులు అప్పులపాలైనారు, ప్రాణాలు తీసికొన్నారు. పురుగుకు మందు అలవాటైనదని అప్పుడు అందరు అన్నారు. పురుగు దేనికీ అలవాటు పడలేదు. వేలాది పురుగులలో ఏవో కొన్ని పుట్టుకతోనే ఆ విషాన్ని తట్టుకొనగలవి. మందు మిగిలినవాటిని చంపి, వాటికి పొలమంతా ఖాళీచేసి ఇచ్చినది. తరువాతి తరమంతా వాటి సంతానమే.

రక్తంలోను అంతే. వ్యాధి బయటపడేనాటికి శరీరంలో రోగకణాలు ఇంచుమించు లక్షకోట్లు ఉండగలవని శాస్త్రజ్ఞుల అంచనా. కణం ఒకటి రెండు కావడానికి సుమారు ఆరువందల కోట్ల జన్యు అక్షరాలను తిరిగి వ్రాసికొనవలెను. ఎంత నేర్పరియైన లేఖకుడైనా అంత వ్రాతలో ఎక్కడో ఒకచోట తప్పు వ్రాయక మానడు. మన తాళపత్రాలలోని పాఠభేదాలు ఇందుకు సాక్ష్యం. చాలా తప్పులవలన ఏమీ కాదు. కాని 'కళ'లో ఒక్క అక్షరం మారి 'కల' అయితే అర్థం పూర్తిగా వేరైనట్లు, ఎంజైము గుంట దగ్గర ఒక్క అక్షరం మారితే డూపు అందులో ఇమడదు. ఏటీపీ మాత్రం ఇముడుతుంది.

వీటిలో వైద్యులు ఎక్కువగా భయపడేది 315వ స్థానంలో వచ్చే మార్పు. అక్కడ థ్రియొనిన్ అనే అమైనో ఆమ్లం ఉండవలెను. ఇమాటినిబ్ దానికొక చిన్న బంధంతో చెయ్యి తగిలించి కూర్చుంటుంది. థ్రియొనిన్‌కు బదులు ఐసోల్యూసిన్ వస్తే ఆ చెయ్యి పట్టుకొనే ఆధారం పోతుంది. పైగా ఐసోల్యూసిన్ లావైనది కనుక దారికి అడ్డంగా నిలుస్తుంది. ఈ స్థానాన్ని శాస్త్రజ్ఞులు ద్వారపాలకుడని పిలుస్తారు. మందుకు అనుమతి లభించిన 2001లోనే ఈ మార్పును చార్లెస్ సాయర్స్ బృందం గుర్తించి ప్రకటించినది. అంటే విజయవార్త, దాని వెనుకనే ప్రమాదవార్త ఒకే సంవత్సరంలో వచ్చినవన్నమాట.

ఇది కొత్త కథ కాదు. దీని తొలి అధ్యాయం మన తెలుగువాడిదే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లంపై పనిచేయించి, దానికి విరోధులైన అణువులను తయారుచేయించినారు. అవి కూడా డూపులే: ఫోలిక్ ఆమ్లంవలె కనబడి, దాని స్థానం ఆక్రమించి, కణం పనిని నిలిపివేసేవి. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు గల 16 మంది పిల్లలకు ఇచ్చినాడు. 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టినది. అంతకుముందు ఏ మందుకూ ఆ వ్యాధి ఆ విధంగా తగ్గి ఉండలేదు. 1948 జూన్‌లో వెలువడిన ఆ పరిశోధనపత్రం శీర్షికలోనే 'తాత్కాలిక' అన్న విశేషణం ఉన్నది. ఆ ఒక్క విశేషణం మమ్ములను చాలాకాలం వెంటాడినది. కొద్దినెలలలోనే వ్యాధి తిరగబెట్టేది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు మరణించినారు. తాను తయారుచేయించిన మందుల భావిచరిత్ర చూడలేదు.

ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌కు కణాలు ఎట్లా లొంగకుండా పోతవో 1978లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ షిమ్కే, ఆయన సహచరులు చూపినారు. ఇక్కడ గుంట మారలేదు. మందు పట్టుకొనే ఎంజైముకు సంబంధించిన జన్యువును కణం పదులు, వందల ప్రతులుగా పెంచుకొన్నది. ఒక్క కుర్చీకి ఒక్క డూపు చాలును. నూరు కుర్చీలు వేస్తే డూపులు చాలరు, ఎక్కడో ఒకచోట అసలు నటుడు కూర్చుంటాడు. ఇమాటినిబ్ విషయంలో కూడా కొందరు రోగులలో ఇదే జరుగుతుంది. మరికొన్ని కణాలు లోపలికి వచ్చిన మందును బయటికి తోడివేస్తవి. మరికొన్ని ఆ ఎంజైముతో పనిలేకుండా వేరే మార్గం త్రొక్కుతవి. లొంగకపోవడం ఒక్కటే అయినా అందుకు కారణాలు వేరు వేరు. మా వ్యాసంలో పాఠకులు గుర్తుంచుకొనవలసిన ముక్క ఏదైనా ఉంటే అది ఇదే అనుకొంటున్నాము. ఎందుకంటే కారణం తెలియకుండా మందు మార్చడం, తాళం చూడకుండా తాళపుచెవులు కొనడం వంటిది.

మామూ విషయంలో వైద్యురాలు చేసినది సరిగా ఆ పనియే. (మొదటి వైద్యుడు బదిలీ అయినారు.) వెంటనే మందు మార్చలేదు. రక్తం తీయించి, ఏబిఎల్ జన్యువులో ఏ అక్షరం మారినదో చూచే పరీక్షకు పంపించినారు. ఫలితం రావడానికి పట్టిన మూడువారాలు మా ఇంటిలో ఎవరికీ నిద్ర లేదు. 315వ స్థానమైతే ఏమి చేయాలన్నదే మాట. మందులు లేవని కాదు. 2006లో వచ్చిన డాసాటినిబ్, 2007లో వచ్చిన నిలోటినిబ్, 2012లో వచ్చిన బొసూటినిబ్ చాలా మార్పులను జయిస్తవి గాని 315 దగ్గర మూడూ ఓడిపోతవి. దానికోసం 2012లో పొనాటినిబ్ వచ్చినది. ఆ లావైన ఐసోల్యూసిన్‌ను తాకకుండా సన్నగా దాటిపోయేటట్లు దాని నడుమును మూడుకట్ల కార్బను బంధంతో మలచినారు. కాని అది రక్తనాళాలలో గడ్డలు కలిగిస్తున్నదని 2013లో అమెరికాలో అమ్మకాలు కొంతకాలం ఆపి, జాగ్రత్తలు విధించి తిరిగి అనుమతించినారు. 2021లో అనుమతి పొందిన అసిమినిబ్ మరొక ఎత్తుగడ. అది ఏటీపీ కుర్చీ జోలికే పోదు. అదే ఎంజైములో దూరంగా ఉన్న మరొక గుంటలో దిగి, అక్కడినుండి ఎంజైమును ముడుచుకొనేటట్లు చేస్తుంది. ముందు వాకిలి మూసినవాడికి పెరటి వాకిలి గుర్తులేదన్నమాట.

ఫలితం వచ్చినది. మార్పు 315లో కాదు, 253వ స్థానంలో. టైరోసిన్‌కు బదులు హిస్టిడిన్. దీనికి నిలోటినిబ్ అంతగా పనిచేయదు, డాసాటినిబ్ పనిచేస్తుంది. ఇమాటినిబ్‌ను పట్టుకొనడానికి ఎంజైము ఒక ప్రత్యేకమైన భంగిమలో ముడుచుకొని ఉండవలెను. 253లోని మార్పు ఆ భంగిమను చెడగొడుతుంది. డాసాటినిబ్‌కు ఆ నియమం అంతగా లేదు. పరీక్ష చేయకుండా తోచిన మందు వ్రాసి ఉంటే, రెండింటిలో పనికిరానిదే మా వంతు వచ్చి ఉండవచ్చును.

రోజు విడిచి రోజు మాత్ర వేసికొన్నందువలననే ఇదంతా జరిగినదా? ఇంటిలో అందరం మామూను నిందించినాము, మేమూ నిందించినాము. ఆ మాట ఇప్పుడు వ్రాయడానికి సిగ్గుపడుతున్నాము. లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యులు ఇమాటినిబ్ వాడుతున్న 87 మంది రోగుల మాత్రల సీసా మూతలలో తెరచినప్పుడల్లా నమోదుచేసే చిన్న యంత్రం అమర్చి మూడునెలలు గమనించినారు. 2010లో ప్రకటించిన ఆ లెక్క ఇది. నూటికి 90 కంటె ఎక్కువ మాత్రలు వేసికొన్నవారిలో వ్యాధి వేయింట ఒక వంతుకు తగ్గే అవకాశం ఆరేండ్లలో నూటికి 94. అంతకు తక్కువ వేసికొన్నవారిలో నూటికి 28. నూటికి 90 అంటే నెలలో మూడు మాత్రలు తప్పిపోవడం మాత్రమే. సగం మందు సగం వ్యాధిని ఆపదు. మందు పలుచనైనప్పుడు కొద్దిగా తట్టుకొనగలిగిన కణం కూడా పెరుగుతుంది. పెరిగినకొద్దీ కొత్త వ్రాతతప్పులు పుడతవి.

అయినా వైద్యురాలు మాతో అన్నమాట వేరు. "ఆ మార్పు ఈయన మందు మొదలుపెట్టకముందే ఒక కణంలో ఉండి ఉండవచ్చు. ఒక్క రోజు తప్పకుండా వేసుకున్నవాళ్ళకీ వస్తుంది. ఇంటికి వెళ్ళి చాచాను ఏమీ అనకండి." రక్తపరీక్షలో అంకె వేయింట ఒక వంతుకు దిగినా లక్షకోట్లలో ఇంకా నూరుకోట్ల కణాలు మిగిలే ఉంటవి. ఆరోగ్యంగా ఉన్నామని మనిషికి తోచేది ఆ స్థితిలోనే.

ఒకే మందుతో అంత సేనను ఎదుర్కొనడమెందుకు, రెండు మూడు కలిపి మొదటినుండే ఇవ్వరాదా అని పాఠకులకు తోచవచ్చును. క్షయవ్యాధికి చేసేది అదే. ఒక మందుకు లొంగని క్రిమి మరొకదానికి కూడా లొంగకుండా ఉండడం బహు అరుదు. 1960ల తొలి సంవత్సరాలలో అమెరికాలో పిల్లల రక్తకాన్సరుకు నాలుగు మందులు కలిపి ఇచ్చినది ఈ తర్కంతోనే; అందులో సుబ్బారావుగారి కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఒకటి. ఫార్బర్ శీర్షికలోని 'తాత్కాలిక' అన్న విశేషణం క్రమంగా చెరిగిపోవడం అప్పుడు మొదలైనది. ఈనాడు చర్మకాన్సరులో ఒక రకానికి రెండు లక్ష్యచికిత్సలు కలిపి ఇస్తున్నారు. మామూ వ్యాధిలో మాత్రం ఒక్క మందే చాలామందికి చాలుతున్నది. రెండు కలిపితే దుష్ఫలితాలు, ఖర్చు పెరుగుతవి. అందుచేత ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది.

ఊపిరితిత్తుల కాన్సరులో కూడా ఇదే నాటకం నడుస్తున్నది. పొగత్రాగని వారిలో తరచుగా కనిపించే ఒక రకంలో ఈజీఎఫ్ఆర్ అనే ఎంజైము మారి ఉంటుంది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ అనే మాత్రలు మొదట అద్భుతంగా పనిచేసి, ఏడాది అటు ఇటుగా విఫలమవుతవి. అట్లా విఫలమైన వారిలో ఇంచుమించు సగం మందికి కారణం 790వ స్థానంలో థ్రియొనిన్ మారిపోవడం. అక్కడ కూడా ద్వారపాలకుడే! దానిని జయించే ఒసిమర్టినిబ్ 2015లో వచ్చినది. దానికి లొంగని 797వ స్థానపు మార్పు కూడా బయటపడినది. ఇప్పుడు మార్పు ఏదో కనుగొనడానికి ఊపిరితిత్తులలో మరల సూది గ్రుచ్చకుండా, రక్తంలోకి రాలిపడిన రోగకణాల జన్యుపదార్థాన్ని వెదకే పరీక్షలు హైదరాబాదులో కూడా లభిస్తున్నవి. రక్తంలో దొరకకపోయినంతమాత్రాన మార్పు లేదని తీర్మానించరాదు. అప్పుడు తునక తీసి చూడవలసినదే. మందు విఫలమైన రోజున రోగి బంధువులు 'ఇంకే మందు ఉన్నది' అని అడుగుతారు. 'ఎందుకు విఫలమైనది, పరీక్షించవచ్చునా' అని అడగడం దానికంటె ముందు జరగవలెను.

మా పాఠకులలో ఉపవాసాలు ఉండేవారు ఎక్కువ కనుక మరొక సంగతి చెప్పుట ఉచితం. రంజాను మాసంలో మందు సంగతేమిటని మామూ మొదటి ఏడే అడిగినారు. ఇమాటినిబ్ రోజుకొకసారి, కడుపునిండా భోజనంతో, ఎక్కువ నీటితో వేసికొనవలసినది కనుక ఇఫ్తార్ తరువాత వేసికొనడానికి వైద్యుడు అంగీకరించినారు. నిలోటినిబ్ అయితే రోజుకు రెండుసార్లు, తినిన రెండు గంటల తరువాత వేసికొని మరొక గంటవరకు ఏమీ తినరాదు. దాని లెక్క వేరు. డాసాటినిబ్‌కు భోజన నియమం లేదు, కాని కడుపులో ఆమ్లం ఉండవలెను. మన ఇళ్ళలో తెల్లవారగానే అలవాటుగా మింగే గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్ని తగ్గించి మందును ఒంటికి పట్టనీయదు. అప్పుడు కణం మారకుండానే మందు ఓడిపోయినట్లు కనిపిస్తుంది! మామూ ఆ గ్యాస్ మాత్ర పన్నెండేండ్లుగా వాడుతున్నారు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. మందు మార్చిన రోజున వైద్యురాలు అడిగితే బయటపడినది. ఎవరి మందు, ఎవరి ఉపవాసం వారి వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకొనవలసినదే గాని పొరుగువారిని చూచి కాదు.

మందు ఎప్పటికీ మానరాదా అన్నది మిగిలిన ప్రశ్న. ఫ్రాన్సులో రెండేండ్లకు పైగా పరీక్షలో వ్యాధి జాడే దొరకని నూరుమందికి ఇమాటినిబ్ ఆపి చూచినారు. 2010లో వెలువడిన ఫలితం ప్రకారం పదిమందిలో నలుగురికి వ్యాధి తిరిగి రాలేదు. తక్కినవారిలో ఎక్కువమందికి ఆరునెలలలోపే వచ్చినది. మరల మందు మొదలుపెట్టగానే లొంగినది. వారికి నెలనెలా పరీక్ష జరిగినదని, మామూకు పదినెలలు ఏ పరీక్షా జరగలేదని గుర్తుంచుకొనవలెను. మానడం వేరు, లెక్కతో ఆపి చూడడం వేరు.

డాసాటినిబ్ మొదలుపెట్టిన ఆరునెలలకు అంకె 12 నుండి 1కి, ఏడాదిన్నరకు 0.1 లోపునకు దిగినది. ఒకసారి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి ఆయాసపడితే, కొన్నాళ్ళు ఆపి, మోతాదు తగ్గించి ఇచ్చినారు. వేళ్ళ కొంకర్లు పోయినవి. మామూ ఇప్పుడు కొలతలు వ్రాసుకొనే పుస్తకంలో ప్రతి పుట అంచున మాత్ర వేసికొన్నందుకు ఒక గీత గీస్తారు. ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు, పక్కన ఒక గీత. మూడునెలలకొకసారి రక్తపరీక్ష. వచ్చే పరీక్ష రంజాను వెళ్ళిన తరువాత. దానికి మేము కూడా సెలవుపెట్టి వెంట వెళుతున్నాము.